నేను గెలిచిన వాదన

ఖతార్ వచ్చి పదమూడేళ్ళయింది. అల్ వుకైర్‌లో విల్లాలు కట్టే ఒక కంపెనీలో స్టోర్ కీపర్‌ని. నా గది బర్వా అల్ బరాహా లేబర్ క్యాంప్‌లో. పొద్దున సైటుకు, సాయంత్రం గదికి కంపెనీ బస్సులోనే ప్రయాణం. ఆ బస్సు నడిపేవాణ్ణి నేను భాయ్ అని పిలుస్తాను. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. ఊరు నిర్మల్ దగ్గర. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు, బయట మా జగిత్యాల వాళ్ళకంటే చక్కని తెలుగు మాట్లాడతాడు. నన్ను తమ్మీ అంటాడు.

ముందు సీటు నాది. పదకొండేళ్ళు ఆ సీట్లో కూర్చుని ఆయనతో ముచ్చట్లు పెట్టాను. నాకు కామెర్లు వచ్చినప్పుడు ఇరవై రోజులు పథ్యం కూడు వండి పెట్టింది ఆయనే. వాళ్ళమ్మ పోయిన రోజు ఆయనకు సెలవు దొరకలేదు. ఖననాన్ని ఫోన్‌లో చూస్తుంటే నేను పక్కన కూర్చుని ఫోన్ పట్టుకున్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి ప్రార్థన చేస్తున్నాడు మరి. అంత దగ్గరివాళ్ళం. ఒకరి తాతల గురించి మాత్రం ఒకరం ఎన్నడూ అడగలేదు.

అల్ తుమామాలో కొన్ని తెలుగు కుటుంబాలవాళ్ళు నెలకో శుక్రవారం ఒక హాల్లో కలుస్తారు. పద్యాలు చదువుతారు, పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు. చదువు మీద ఇష్టం ఉన్నవాణ్ణని నన్నూ పిలుస్తారు. పోయిన ఏడాది వాళ్ళు వాదన పోటీ పెట్టారు. విషయం: పెద్ద రాజ్యాల పాలన, సైన్యబలం లోకానికి మేలు చేశాయా, కీడు చేశాయా? చీటీలు వేశారు. నాకు ‘మేలు’ వచ్చింది. ‘కీడు’ కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ బడిలో పాఠాలు చెప్పే ఒక టీచర్ గారికి వచ్చింది.

రెండు వారాలు బస్సులో సాధన చేశాను. భాయ్ ఎదురుపక్షం తీసుకుని నాతో వాదించేవాడు.

“రైళ్ళు ఎవరు వేసిన్రు భాయ్? తెల్లోళ్ళే గద?” అనేవాణ్ణి.

“ఎవరి కోసం వేసిన్రు? మీ అవ్వ పుట్టింటికి పోవుడు కోసమా, పత్తి మోసుకపోవుడు కోసమా?” అనేవాడు స్టీరింగ్ తిప్పుతూ. “గట్టిగ చెప్పు తమ్మీ. మెల్లగ చెప్తే ఎవడు నమ్ముతడు?”

వెనక కూర్చున్నవాళ్ళు నవ్వేవారు. ఆ పదిహేను రోజులూ ప్రయాణం ఎట్లా గడిచేదో తెలిసేది కాదు.

చివరి మాట మాత్రం బస్సులో చెప్పలేదు. అది పోటీ రోజు పొద్దున స్నానం చేస్తుంటే తట్టింది. రైళ్ళు, కోర్టులు, ఆసుపత్రులు అందరూ చెప్పేవే. నా ఇంటి మాట చెబితే జనం కదులుతారు అనిపించింది.

ఆ శుక్రవారం భాయ్ కంపెనీ పర్మిషన్ తీసుకుని మమ్మల్ని ఏడుగురిని బస్సులో అల్ తుమామా తీసుకెళ్ళాడు. బయట ఎండ మండిపోతోంది. “నేను బస్సులనే కూసుంట” అన్నాడు. నేనే బలవంతంగా లోపలికి లాక్కొచ్చాను. చివరి వరసలో కూర్చున్నాడు.

టీచర్ గారు ముందు మాట్లాడారు. పొలాల్లో తిండిగింజలు మాన్పించి నీలిమందు పండించిన సంగతి, కరువులో జనం చస్తుంటే ఓడలకెక్కి పోయిన ధాన్యం సంగతి నెమ్మదిగా చెప్పారు. “దొంగ మన ఇంట్లో దీపం వెలిగించాడని అతనికి దండం పెట్టలేం కదండీ. ఆ వెలుగులోనే కదా ఇల్లంతా ఊడ్చుకుపోయాడు” అన్నారు. హాలంతా చప్పట్లు.

తర్వాత నేను లేచాను. తయారు చేసుకున్నదంతా చెప్పి చివరి మాటకు వచ్చాను.

“మా ఊళ్ళో దొర ఉండేవాడు. మా తాత ఆయన గడిలో వెట్టి చేసేవాడు. దొర బండెక్కితే బండికి ముందు పరుగెత్తాలి. ఒకరోజు కాలు బెణికి పరుగు ఆగితే చెర్నకోలతో కొట్టారు. ఆ మచ్చ నేను చిన్నప్పుడు చేత్తో తడిమి చూశాను. మా ఊరి మొర ఎవరు విన్నారు? ఏ పుస్తకం విన్నది? ఏ ధర్మం విన్నది? నలభై ఎనిమిదిలో ఒకరోజు ఇండియా మిలిటరీ లారీలు వచ్చాయి. నిజాం దిగిపోయాడు, దొర పారిపోయాడు. బలానికి బలమే మందు. ఆ రోజు ఆ లారీలు రాకపోతే నేను ఈ మైకు ముందు ఉండేవాణ్ణి కాదు.”

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. టీచర్ గారు కూడా కొట్టారు. 

సభ నడిపే పెద్దాయన, వినేవాళ్ళలో ఎవరైనా మాట్లాడవచ్చు అన్నాడు. చివరి వరసలో భాయ్ చెయ్యెత్తాడు. నన్ను మెచ్చుకుంటాడు అనుకున్నాను.

మైకు తీసుకోలేదు. నిలబడ్డచోటి నుంచే మాట్లాడాడు.

“నేను పోటీల లేను. ఒక్క మాట చెప్తా. మా తాత నిజాం సర్కార్ల చప్రాసీ. తాసీలు ఆఫీసు ఊడ్చేటోడు, తాళం వేసేటోడు. నిజాం ఆయనకు చుట్టం కాదు. ఆయనకు కూడా దొరలే ఉండిరి. మిలిటరీ వచ్చిందని తెల్వంగనే, ఆఫీసు తాళాలు కొత్త సర్కారోళ్ళకు ఒప్పజెప్పి వస్తనని పొద్దున ఇంట్లకెంచి పోయిండు. రాలే. ఎవరు చంపిన్రో, ఏడ పూడ్చిన్రో ఇప్పటిదాకా తెల్వదు. మా తమ్మి చెప్పింది అబద్ధం కాదు. వాళ్ళ తాతకు మందైంది. అదే మందు మా ఇంటికి కూడా వచ్చింది. అంతే.”

కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.  పెద్దాయన గొంతు సవరించుకుని, “చాలా విలువైన మాట” అని ఫలితం చదివాడు. గెలిచింది నేను. శాలువా కప్పారు, చేతికి ఒక షీల్డ్ ఇచ్చారు. నేను అది తీసుకుంటుంటే భాయ్ చప్పట్లు కొట్టడం చూశాను. మనస్ఫూర్తిగానే కొట్టాడు. అందుకే నాకు మరింత కష్టంగా ఉండింది.

తిరిగి వచ్చేటప్పుడు షీల్డ్ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. “నాకు తెల్వదు భాయ్” అన్నాను.

“తెలిసేతట్టు నేనే చెప్పలే గద” అన్నాడు. 

తర్వాత మా మధ్య జగడమేమీ జరగలేదు. పొద్దున ఎక్కగానే “బాగున్నవా తమ్మీ” అనేవాడు. కాసేపటికి రేడియో పెట్టేవాడు. అంతకుముందు ఆ బస్సులో రేడియో మోగేది కాదు, మా ముచ్చట్లకే టైం సరిపోయేది కాదు. నాకు సిగ్గుగా ఉండేది. దాపరికం ఎందుకు, కోపం కూడా వచ్చేది. మా తాత వీపు మీద మచ్చ నిజం. దాని గురించి చెప్పడం తప్పా? ఆయన తాత పోయాడని మా తాత బాధ చెప్పుకోకూడదా? రేడియో వింటూ మనసులో ఆయనతో వాదిస్తూనే ఉండేవాణ్ణి. ఆ వాదనల్లోనూ నేనే గెలిచేవాణ్ణి.

అట్లా కొన్ని వారాలు గడిచాయి. ఎండలకు మధ్యాహ్నం పని ఆపేసి సాయంత్రం ఎక్కువసేపు చేసే రోజులవి. ఇరాన్ మీద బాంబులు పడ్డాయని, ఇక్కడి ఎడారిలో అమెరికా సైన్యం ఉండే చోటు మీద తిరిగి దెబ్బ పడవచ్చని ఫోన్లలో వార్తలు తిరుగుతున్నాయి. మాకు అది దూరపు సంగతిగానే ఉండింది. చీకటి పడుతుండగా డ్యూటీ దిగి ముప్పై మందిమి బస్సెక్కాం. ఇండస్ట్రియల్ ఏరియా వైపు మలుపు తిరిగామో లేదో ఆకాశంలో ఎర్రని చుక్కలు లేచాయి. ఒకటి, రెండు, తర్వాత లెక్కలేనన్ని. పైకి పోయి పగిలిపోతున్నాయి. కాసేపటికి చప్పుడు వచ్చింది. బస్సు అద్దాలు జల్లుమన్నాయి.

“పటాకులా?” అన్నాడు వెనక నుంచి ఎవరో.

 భాయ్ బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. “అందరు తలకాయలు కిందికి వంచుండ్రి. అద్దాల దిక్కు చూడకుండ్రి” అని మూడు భాషల్లో అరిచాడు. చాలామంది వంగారు, కొందరు ఫోన్లు తీసి వీడియోలు తీశారు. ఒకాయన రాముడి పేరు తలుస్తున్నాడు, ఒకాయన కలిమా చదువుతున్నాడు.

చప్పుళ్ళు ఆగాక నిజామాబాద్ మేస్త్రి ఒకాయన తలెత్తి, “అమెరికోడు ఈడ ఉన్నడు కాబట్టి మనం బచాయించినం. లేకుంటే అయిపోయేటోళ్ళం” అన్నాడు.

“అమెరికోడు ఈడ ఉన్నడు కాబట్టే అవి వచ్చినయ్. లేకుంటే మన మీద ఎవడేస్తడు?” అన్నాడు పక్కసీటు ఆయన.

ఇద్దరూ గొంతులు పెంచారు. తలో పక్క మరికొందరు చేరారు. మేస్త్రి నా వైపు తిరిగి, “నువ్వు చెప్పు సారూ. ఈ ముచ్చట మీద ప్రైజు కొట్టింది నువ్వే గద” అన్నాడు.

  అటు ఒక పెద్ద రాజ్యం, ఇటు ఒక పెద్ద రాజ్యం, నడుమ సిమెంటు అంటిన బట్టలతో బస్సులో ముప్పై మందిమి. ఎవరి బలం ఎవరికి మందో ఆ పూట నాకు తెలియలేదు. హాల్లో మైకు ముందు అన్నీ తెలిసినట్టే ఉండింది.

భాయ్ వెనక్కి తిరిగి, “ఇంటికి ఫోన్లు చెయ్యుండ్రి ముందు. లొల్లి తర్వాత” అన్నాడు. అందరూ ఫోన్లందుకున్నారు. నాతో మెల్లగా, “నీ చెయ్యి పట్టుకుంట తమ్మీ, నాకు భయమైతుంది” అన్నాడు. ఇద్దరం చేతులు పట్టుకుని కూర్చున్నాం. ఎంతసేపో గుర్తులేదు. ఆ ఎర్రచుక్కలు ఇరాన్ క్షిపణుల్ని గాల్లోనే అడ్డుకున్నవనీ, ఆ దెబ్బలకు ఇక్కడ ఎవరూ చావలేదనీ తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున బాపమ్మతో మాట్లాడాను. మా నాయన తల్లి ఆమె. కోరుట్లలో మా అన్న దగ్గర ఉంటుంది. వయసు తొంభైకి దగ్గర, చెవులు పనిచేస్తాయి, జ్ఞాపకం అంతకంటే బాగా పనిచేస్తుంది.

“దుబాయ్‌ల బాంబులు పడ్డయట గద బిడ్డా?”

“దుబాయ్ కాదు బాపమ్మా, ఖతార్. ఏం కాలే, మంచిగనే ఉన్న.”

“ఏదైతేంది. మిలిటరోళ్ళు ఇండ్లళ్ళకు వస్తున్నరా? వస్తే తలుపు తియ్యకు.”

“మిలిటరీ మంచిదే గద బాపమ్మా. మనూరికి వచ్చినంకనే గద దొర పారిపోయింది?”

ఫోన్‌లో ఆమె ముఖం కనిపిస్తోంది. నా మాట అర్థం కానట్టు చూసింది.

“దొర పారిపోయిండని ఎవడు చెప్పిండు నీకు? రెండు నెలలు పట్నంల ఉన్నడు, మళ్ళ వచ్చిండు. షేర్వాణీ ఇడిసి కాంగ్రెసోళ్ళ తెల్లటోపీ పెట్టుకొని వచ్చిండు. ఆయన వచ్చిన నాడు మిలిటరీ బండ్లే గడి ముందట నిలవడ్డయ్. మీ తాత ఇంకో ఏడెనిమిదేండ్లు వెట్టి చేసిండు.”

“మరి మనూర్ల ఎవరు పారిపోలేదా?”

“ఎందుకు పోలే? సాయిబు పోయిండు. ఎడ్లకు నాడాలు కొట్టే సాయిబు. నేను ఇంత పిల్లను, లగ్గమై అప్పుడే ఈ ఇంటికొచ్చిన. తెల్లారకముందే భార్యాపిల్లల్ని తీసుకొని నడుచుకుంట పోయిన్రు. ఆయన భార్య మా ఇంటికొచ్చి రెండు కోళ్ళు నాకిచ్చింది. చూసుకో బిడ్డా, మళ్ళొచ్చినంక తీసుకపోత అన్నది.”

“వచ్చిన్రా?”

“రాలే. కోళ్ళు ముసలివైనయ్. కోసుకున్నం.”

“వాళ్ళ భూమేమన్న ఉండెనా?” అని అడిగాను. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది. మా కుటుంబానికి రెండెకరాలున్నాయి. దాన్ని మేమంతా పుట్టినప్పటి నుంచి ‘సాయిబు చెలక’ అంటాం. పిల్లలం సాయిబు చెలకల సీతాఫలాలు తెంపుకొచ్చేవాళ్ళం. నేను ఇక్కడికి వచ్చాక అందులో బోరు వేయించాను. ఏ సాయిబు, ఎటు పోయాడు అని నలభై ఐదేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఊరి పక్క గుట్టకో వాగుకో ఉన్నట్టే దానికీ ఒక పేరుంది అనుకున్నాను.

“మేం దున్నకుంటే దొర కలుపుకునేటోడు బిడ్డా. మీ తాత భయపడుకుంటనే నాగలి కట్టిండు. మొదటి ఏడు వచ్చిన జొన్నలు ఒక గుమ్మిల పక్కకు పెట్టిండు, సాయిబు వస్తే ఇయ్యాలెనని. పురుగు పట్టినయ్” అంది బాపమ్మ. ఆమె గొంతులో తప్పు చేసిన బాధ లేదు, గొప్ప కూడా లేదు.

నాయనకు ఫోన్ చేశాను. ఆయన మొదటి మాటకే కోపానికొచ్చాడు. “పాస్ పుస్తకం నా పేరు మీద ఉంది. డెబ్బై ఏండ్లు దాటిన ముచ్చట నీకెందుకు? ఆడ బాంబులు పడ్డయంటే నీ పానం సంగతి చూసుకోక, ఈడ చెలక సంగతి అడుగుతున్నవ్?” అన్నాడు.

“ఆ సాయిబు ఎటుపోయిండో ఎవరికన్న తెలుసా అని” అన్నాను.

“తెలిస్తే ఏం చేస్తవ్? ఇస్తవా?”

జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. ఆ చెలక మీదే మా తమ్ముడి కుటుంబం బతుకుతోంది.

ఆ శుక్రవారం క్యాంప్ దగ్గరి కెఫెటేరియాలో భాయ్‌కి మొత్తం చెప్పాను. కరక్ చాయ్ తాగుతూ విన్నాడు. చెప్పడం అయ్యేసరికి నా కప్పు చల్లారిపోయింది.

“నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ?” అన్నాడు.

“నీకు చెప్పాలనిపించింది.”

“ఆ సాయిబు మా చుట్టం కాదు. సాయిబులందరు ఒక్కటే అనుకున్నవా? నేను మాఫీ ఇస్తే ఆయన ఇచ్చినట్టైతదా?” కోపంగా అనలేదు. అయినా నా ముఖం వేడెక్కింది. ఆయన చెప్పింది నిజం. నాకు కావలసింది అదే. దగ్గర్లో ఉన్న ముస్లిం ఆయనే కాబట్టి ఆయన దగ్గర మాఫీ పుచ్చుకుని తేలికపడాలని వచ్చాను.

కప్పు కింద పెట్టి ఆయనే అన్నాడు. “హాల్ల ఏం చెప్పినవో అది సరి చెయ్యి. అదైతే నీ చేతుల ఉంది.”

తర్వాతి నెల అల్ తుమామా సభలో ఐదు నిమిషాలు అడిగాను. “పోటీ అయిపోయింది కదా బాబూ, మళ్ళీ ఎందుకు?” అన్నాడు పెద్దాయన. “చెప్పనివ్వండి, తప్పేముంది?” అని టీచర్ గారు కలగజేసుకున్నారు. చెప్పాను. దొర పారిపోలేదనీ, టోపీ మార్చుకుని తిరిగొచ్చాడనీ, వెట్టి ఆగలేదనీ, పారిపోయింది నాడాలు కొట్టి బతికే ఒక బీదవాడనీ, ఆయన చెలక తిండి తిని నేను పెరిగాననీ చెప్పాను. ఈసారి గొంతు పెంచలేదు. 

ముందు వరసలో ఒకాయన లేచాడు. “అంటే నిజాం పాలనే బాగుండేదంటావా? మనవాళ్ళు పడ్డ చిత్రహింసలు మరిచిపోయావా?” అన్నాడు.

“మరిచిపోలేదండీ. మా తాత మచ్చ అబద్ధం కాదు.”

“మరి ఏమంటావు? మిలిటరీ రావడం మేలా, కీడా? ఒకటి చెప్పు.”

“నాకు తెలియదు” అన్నాను. “ఆ రోజు ఎవరు గెలిచారో చెప్పగలను. ఎవరికి మేలైందో చెప్పాలంటే ఊళ్ళో ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి అడగాలి. ఖాళీ అయిన ఇళ్ళలో ఎవరిని అడగాలో తెలియడం లేదు.”

ఆయన విసుగ్గా తల తిప్పి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకో ఇద్దరు ఆయన వెంట వెళ్ళారు. పెద్దాయన హడావిడిగా తర్వాతి కార్యక్రమం ప్రకటించాడు. అప్పటి నుంచి నన్ను మాట్లాడమని ఎవరూ పిలవలేదు. టీచర్ గారు మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేసి బాగోగులు అడుగుతారు.

ఆ రోజు భాయ్ బయట బస్సులోనే ఉన్నాడు. లోపలికి రమ్మని నేనూ అనలేదు. ఎక్కి కూర్చున్నాక, “చెప్పిన” అన్నాను. తలూపాడు. బండి కదిలింది. చాలాదూరం పోయాక నేను ఒక ప్రశ్న అడిగాను. పోటీ రోజు రాత్రే అడగాల్సింది, అడగలేదు.

“మీ తాత ఎట్లుంటుండె భాయ్?”

ఆయన చెయ్యి చాపి రేడియో కట్టేశాడు.

“ఫోటో లేదు. దాదీ చెప్పేది. పొట్టిగ ఉంటుండెనట. ఆఫీసుల గోడ గడియారానికి కుర్చీ ఎక్కి చావి ఇచ్చేటోడట. ఒకసారి కుర్చీ ఇరిగి కిందవడ్డడట, తాసీల్దారు నవ్విండని ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదట.” నవ్వాడు. “కుక్కలంటే మస్తు భయం. గల్లీల కుక్క ఉంటే చుట్టు తిరిగి వచ్చేటోడట.”

క్యాంప్ వచ్చింది. అందరూ దిగారు. నేను దిగలేదు. బస్సు పార్కింగ్‌లో పెట్టి, ఇంజన్ నడుస్తుండగానే ఆయన చెబుతూ పోయాడు. ఆ తాతకు బెల్లం చాయ్ ఇష్టమట. ఉర్దూ చదవడం వచ్చేదట, రాయడం వచ్చేది కాదట. మధ్యలో ఒకసారి ఆగి, “ఇవన్ని ఎవ్వరు అడగలే తమ్మీ ఇన్నేండ్లు. ఎట్ల చచ్చిండు అని అడిగిన్రు, ఎట్ల బతికిండు అని అడగలే” అన్నాడు.

నేను బాపమ్మకు మళ్ళీ ఫోన్ చేయాలి. నాడాలు కొట్టే సాయిబు ఎట్లా ఉండేవాడో, ఆయన భార్య పేరేమిటో, పిల్లలెంతమందో అడగాలి. ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లూ ఆరోగ్యం సంగతి అడిగి పెట్టేశాను.